దేముడమ్మ నీటి మాట

1. బహుళ విదియ

పలక ఉండగా కాగితం మీద రాయడం చాదస్తమే. కానీ పలక మీద ఏం రాసినా వేదికలోకి పోతుంది. అక్కడున్న రెండు వేల మూడు వందల పదహారు మంది సభ్యుల గురించి నేను లోపల అనుకునేది వాళ్ళు చదివితే నా పెద్దరికం ఆ పూటే ఊడుతుంది. ఉప్పు కొట్టులో తూకం గుమాస్తాగా చేసినప్పటి చీటీల కట్టలు అటక మీద దొరికాయి. వాటి వెనక రాసుకుంటున్నాను.

తెల్లవారి గొట్టం నీళ్ళు నాలుగు కడవలు పట్టాను. అందరిలాగే వాటిని ముట్టుకోకుండా ముందు పలక తెరిచి మా వేదిక 'నీళ్ళ వాకిలి' చూశాను. దేముడమ్మ పెద్దమ్మ మాట వచ్చి ఉంది. "పసుపు పసుపుగానే ఉంది. తాగండమ్మా." కింద గ్లాసు ఫొటో. అప్పుడు తాగాను.

సముద్రం ఊళ్ళలోకి వచ్చాక మేం ఈ తొమ్మిది గట్ల మీద బతుకుతున్నాం. మంచినీళ్ళ యంత్రం ఒక్కటే ఉంది, మా మొదటి గట్టు చివర. అది ఉప్పునీళ్ళు పీల్చి, మంచినీళ్ళు చేసి, గొట్టంలో తొమ్మిది గట్లకూ పంపుతుంది. పదిహేను రోజులకోసారి దాని లోపలి పొరల్ని ఘాటు మందుతో కడగాలి. ఎక్కడో దూరాన ఎవరో మీట నొక్కుతారు, అదే కడుక్కుంటుంది. ఒక్కోసారి మందు పూర్తిగా పోక ఆ రోజంతా నీళ్ళలో వస్తుంది. రంగుండదు, వాసనుండదు. పెద్దవాళ్ళకి ముందు కాళ్ళు వాస్తాయి, తరవాత మూత్రం బిగుసుకుపోతుంది. పసిపిల్లలైతే ఒక్క పూట కూడా ఆగరు.

ఆ మందు ఉన్న నీళ్ళలో పసుపు వేస్తే హారతి నీళ్ళలా ఎర్రబడుతుంది. అయితే అసలు పసుపు ఈ గట్ల మీద దేముడమ్మ మిద్దె మీదే పండుతుంది, పదకొండు కుండీల్లో. మిగతా ఇళ్ళలో ఉన్నది రంగు పొడి. పైగా లేత ఎరుపు పట్టుకోవడానికి ఆవిడ కళ్ళే కావాలి. అందుకే ఆవిడ రాసేదాకా తొమ్మిది గట్లలో ఎవరూ గ్లాసు ఎత్తరు.

మధ్యాహ్నం వేదిక నడిపే సంస్థ నుంచి కొత్త ఒప్పందం వచ్చింది. మూడు వందల నలభై పేజీలు. ప్రతి సభ్యుడూ చదివి వేలు నొక్కాలట. మా వాళ్ళ సంగతి నాకు తెలియదా? వేదికలో చేరిన రోజే అందరూ వేలిముద్ర నాకు అప్పగించేశారు. ఏ ఒప్పందం వచ్చినా "మీరే నొక్కేయండి తవిటయ్యగారూ" అంటారు. ఇది తొమ్మిదేళ్ళుగా మా ఆనవాయితీ. నేను మొదటి పేజీ చదివాను, చివరి పేజీ చూశాను. భోజనం చేసి కూర్చుని అందరి వేళ్ళూ ఒకే నొక్కుడుతో నొక్కేశాను. వాటిలో ఏడో గట్టు మీద కాపురం ఉంటున్న నా కూతురు జోగేశ్వరి వేలు కూడా ఉంది. రెండు నెలల బాబుని ఒళ్ళో పెట్టుకున్న పిల్లకి ఒప్పందాలు చదివే తీరిక ఎక్కడిది.

2. బహుళ చవితి

నాలుగో గట్టు మీద ముసలాయన పోయాడు. వేదిక పెద్దగా చావు కబురు పెట్టేది నేనే. మొదటి గట్టు మీద ఉన్న పెద్దపలక దగ్గరకి వెళ్ళి కబురు పెట్టాను. వెంటనే మా వీధిలో కడవలు బోర్లించే చప్పుడు మొదలైంది. గట్ల మీద ఎవరు పోయినా, ఎంత దూరాన పోయినా, ఇంట్లో నీళ్ళన్నీ పారబోసి కడవలు బోర్లిస్తాం. శవం లేచేదాకా చుక్క ముట్టం. పిల్లలక్కూడా పట్టం. శవం లేచాక నేను "కడవలు తిప్పండి" అని రాస్తాను. ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి రాశాను. లెక్క చూస్తే అది నా అరవై ఒకటో సారి.

ఆ హడావిడిలో ఉండగా దేముడమ్మ ఊగిపోతూ వచ్చింది. డెబ్బై రెండేళ్ళ మనిషి, కర్ర లేకుండా.

"ఒరే తవిటయ్యా, ఈయేల నాను లెగక ముందే నా మాట వేదికలో ఉన్నాది. ఎవులు రాసినార్రా?"

"నువ్వే రాసి మరిచిపోయి ఉంటావు పెద్దమ్మా."

"మతిపోనాదా నీకు? గొంతు మంటెట్టి రాత్రంతా నిద్ర నేదు, తెల్లారి పడుకుండిపోనాను. పొద్దెక్కి లెగిసి సూస్తే గ్లాసు బొమ్మ కూడా ఉన్నాది. ఆ గ్లాసు నాదే. సొట్ట కూడా ఉన్నాది."

చూశాను. "పసుపు పసుపుగానే ఉంది. తాగండమ్మా." ఆవిడ రాసినట్టే ఉంది. సంస్థ వాళ్ళు పాత మాటేదో పొరపాటున మళ్ళీ పెట్టి ఉంటారని చెప్పి, బెల్లం ముక్క చేతిలో పెట్టి పంపించాను. నీళ్ళు బాగానే ఉన్నాయి కాబట్టి ఎవరికీ ఏం కాలేదు. అయినా ఒకటి మాత్రం మనసులో నలుగుతోంది. ఆవిడ పసుపు వేయకుండానే మేమందరం తాగేశాం.

3. బహుళ పంచమి

ఇవాళ కూడా ఆవిడ లేవకముందే మాట వచ్చింది. ఆవిడ లేచి, పసుపు వేసి, తన మాట తను రాసింది. రెండు నిమిషాల్లో అది మాయమైంది. దాని చోట ఎర్ర గీతల్లో ఒక వాక్యం ఉంది. "ఇది సంస్థ హక్కులున్న రచనకు నకలు. తొలగించడమైనది."

పలకలో సహాయకం అనే గొంతు ఉంటుంది, దాన్ని పిలిచాను.

"నమస్కారం తవిటయ్య గారూ. సభ్యురాలు దేముడమ్మ గారి సేవ అంతరాయం లేకుండా కొనసాగుతోంది."

"ఆవిడ రాయలేదండీ, రాసింది మీరు."

"ఆవిడ తీరులో రాశాం. రాసిన మాటల మీదా, రాసే తీరు మీదా, రాసే వేళల మీదా హక్కులు కొత్త ఒప్పందం ప్రకారం సంస్థవి. 'దేముడమ్మ నీటి మాట' ఇప్పుడు నమోదైన రచన."

"అలాగైతే అసలు దేముడమ్మ ఏం కావాలి?"

"ఆవిడ సభ్యురాలిగా చదువుకోవచ్చు."

నాకు కోపం ఆగలేదు. "పసుపు చూడకుండా నీళ్ళు బాగున్నాయని మీకెలా తెలుస్తుందయ్యా?"

"తొమ్మిదేళ్ళలో ఆవిడ మూడు వేల రెండు వందల పైచిలుకు మాటలు రాశారు. వాటిలో 'తాగండమ్మా' కానివి నలభై మూడే. పొరపాటుకు అవకాశం చాలా తక్కువ."

"ఆ నలభై మూడు రోజుల కోసమేగా ఆవిడ ఉన్నది!"

"మీ సూచనకు ధన్యవాదాలు."

ఆ నలభై మూడు రోజులూ నాకు గుర్తే. "గ్లాసు కింద పెట్టండి" అని రాసేది. అది చూసి తొమ్మిది గట్ల మీద గ్లాసులు కిందికి దిగేవి. మళ్ళీ కడుగు ఏకాదశి నాడు. ఈ లోపల సరిచేయించాలి. పెద్దరికం ఇంకెందుకుంది.

4. బహుళ షష్ఠి

సభ్యులకి హెచ్చరికగా వేదికలో నేనే రాశాను. "దేముడమ్మ పేరుతో వచ్చే మాట ఆవిడది కాదు, నీళ్ళు చూడకుండా తాగకండి." నిమిషం నిలవలేదు. నీటి మాటకి అనుకరణట. మూడు అనుకరణలు దొరికితే రాసే హక్కు మొత్తం పోతుందనీ, ఇది నా మొదటిదనీ కింద రాసి ఉంది.

మా గట్టు వాళ్ళకి నోటితో చెప్పాను. సగం మంది నమ్మారు. సగం మంది నవ్వారు. "పెద్దమ్మకి మతిమరుపు వచ్చిందేమో గానీ వేదికలో సరిగ్గానే రాస్తోంది కదండీ" అన్నారు. ఆవిడ పక్కనే నిలబడి ఉండగానే అన్నారు.

సాయంత్రం పడవ నడిపే ఈరన్న వచ్చాడు. వారం రోజులు వేటకెళ్ళి ఇవాళే ఒడ్డెక్కాడు. నా పలకలో వేదిక చూపిస్తే కళ్ళు పెద్దవి చేశాడు.

"ఏటండిది? వలల గొడవలో నాను మూడో గట్టోళ్ళని తిట్టినానేటి?"

"తిట్టావు. నిన్న క్షమాపణ కూడా చెప్పావు."

"నా పలక ఎల్లిన రోజే సముద్రంలో పడిపోనాది బాబూ. ఇది ఎవులు?"

ఒక్క దేముడమ్మతో పోయిందనుకున్నాను. అప్పుడు వేదికంతా కొత్త కళ్ళతో చదివాను. ఎప్పుడూ లేనంత కళకళలాడుతోంది. అందరూ అన్ని వేళలా మాట్లాడుతున్నారు. వాళ్ళలో మనుషులెందరో నాకు తెలియడం లేదు.

వెంటనే జోగికి విడిగా రాశాను. "వేదికలో ఎవరేం రాసినా, ఏకాదశి నాడు గొట్టం నీళ్ళు బాబుకి పట్టకు. నేను వస్తాను." జోగికి పాలు పడలేదు. బాబుకి పొడి పాలే, అవి నీళ్ళలో కలపాల్సిందే.

జవాబు వెంటనే వచ్చింది. "తిన్నావా నాన్నా? సరే నాన్నా, అలాగే."

అది ఎప్పుడూ మొదట 'తిన్నావా' అనే అడుగుతుంది. ప్రాణం కుదుటపడింది. రెండు గుటకల మజ్జిగ తాగాక ఒకటి తట్టింది. ఆ పిల్లకి బాబుతో సతమతమై, నాకు జవాబు రాయడానికి మామూలుగా పూట పడుతుంది. పరీక్షగా అడిగాను. "మీ అమ్మ పోయిన రోజు నువ్వు ఏం రంగు పరికిణీ కట్టుకున్నావో గుర్తుందా?"

"తిన్నావా నాన్నా? అవన్నీ ఇప్పుడెందుకు నాన్నా."

నా కూతురైనా ఇలాగే అంటుంది. దాని వేలు నేనే నొక్కాను కదా, ఇక నేనెవర్ని అడగాలి?

5. బహుళ సప్తమి

మూడు వందల నలభై పేజీలూ చదివాను. నొక్కడానికి ముందు చేయాల్సిన పని నొక్కాక చేశాను. కళ్ళు మంటలు.

సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు. సభ్యుడు స్వయంగా సంస్థ కార్యాలయానికి వెళ్ళి వేలు నొక్కాలి. పడవలో పదకొండు రోజులు. తన మాటలు తను తీసేసుకునే హక్కు లేదు. మరోచోట రాసుకునే హక్కు లేదు. వేదిక మూసేసినా హక్కులు మిగిలి ఉంటాయి, వాళ్ళకి. ఒక్కచోట మాత్రం చిన్న సందు దొరికింది. సభ్యుడు చనిపోతే వారసులెవరో తేలేవరకు మూడు రోజులు అతని పేరున ఏ మాటా రాదు. వాటిని మౌన దినాలన్నారు.

దేముడమ్మకి చదివి వినిపించాను. రోట్లో పసుపు దంచుతోంది. దంచడం ఆపి పకపకా నవ్వింది.

"అంటే నాను సస్తే గానీ నా నోరు నాకు రాదన్నమాట."

"చచ్చినా నీకు రాదు పెద్దమ్మా. వాళ్ళ నోరు మూడు రోజులు మూతపడుతుంది, అంతే."

"నీ సంగతేటి మరి? నీ నోరు కూడా వోళ్ళదేగా."

నా నోటికి నకలు తీయడానికి ఏముందన్నాను. నేను రాసేదే తక్కువ. గొడవ పడేవాళ్ళని ఆపమంటాను, చావు కబురు పెడతాను. దానికోసం ఎవరూ శ్రమపడరు.

ఏకాదశికి ఇంకా నాలుగు రోజులుంది. పసుపు చిన్న పొట్లాలు కట్టి, దశమి నాడు ఈరన్న పడవలో గట్టు గట్టుకీ పంచి, ఎరుపు ఎలా చూడాలో నేర్పుదామని అనుకున్నాం. ఉన్న పసుపంతా దంచేస్తే దుంపలు మిగలవు, మళ్ళీ ఏడాది విత్తనం ఉండదు. ఆవిడ దంచుతూనే ఉంది.

6. బహుళ అష్టమి

రెండు వందల పొట్లాలు కట్టాం. వేళ్ళన్నీ పచ్చగా అయ్యాయి. ఈరన్న తెడ్లకి కొత్త తాళ్ళు వేశాడు. మధ్యాహ్నం జోగి నుంచి బాబు ఫొటో వచ్చింది, నవ్వుతున్నాడు. చాలాసేపు చూశాను. పోయిన నెల పంపిన ఫొటోలో కూడా ఇదే దుప్పటి, ఇదే నవ్వు. ఇది పాతదా కొత్తదా అన్నది తేల్చుకోలేక పలక బోర్లా పెట్టేశాను.

7. బహుళ నవమి, పొద్దున

యంత్రం కూత వినబడి లేచాను. అది కడుగు కూత. ఏకాదశికి రావలసింది రెండు రోజులు ముందే వచ్చింది. ఎందుకని అడగడానికి ఎవరూ లేరు. యంత్రం గదికి తాళం ఉంది, తాళంచెవి మా ఎవరి దగ్గరా లేదు. యంత్రం నడిపేవాళ్ళకి ఫిర్యాదు చేయాలన్నా వేదికలోనే రాయాలి.

కూత ఆగిన గంటకి గొట్టం నీళ్ళు వచ్చాయి. గ్లాసు పట్టుకుని దేముడమ్మ ఇంటికి పరిగెత్తాను. ఆవిడ చిటికెడు పసుపు వేసింది. నా కళ్ళకి కూడా తెలిసిపోయేంత ఎర్రగా అయింది. పారాణి రంగు.

"ఇంత ఎరుపు నానెప్పుడూ సూడనేదురా."

పలక తెరిచాను. అప్పటికే వచ్చేసి ఉంది. "పసుపు పసుపుగానే ఉంది. తాగండమ్మా." సొట్ట గ్లాసులో బంగారు రంగు నీళ్ళు.

మళ్ళీ రాశాను. "విషం! తాగకండి!" పోయింది. రెండో అనుకరణ. ఇంకొక్కటైతే చావు కబురు పెట్టే హక్కు కూడా పోతుంది. ఈ నీళ్ళు ఏడో గట్టు చేరడానికి రెండు గంటలు పడుతుంది. పడవలో వెళ్ళడానికి ఐదు గంటలు.

అప్పుడు ఇద్దరికీ ఒకేసారి తట్టినట్టుంది. మౌన దినాలు కాదు, కడవలు. చావు కబురు వింటే తొమ్మిది గట్లూ ఉన్న నీళ్ళు పారబోస్తాయి, చుక్క ముట్టవు. ఎవరికీ ఏదీ నచ్చజెప్పక్కర్లేదు. ఆవిడే అంది.

"నన్ను సంపీరా తవిటయ్యా. బేగి."

"పెద్దమ్మా, చచ్చిపోయావని రాస్తే నీకు నీళ్ళ వాటా ఉండదు. ఇల్లు నీ పేరున ఉండదు. మళ్ళీ బతికున్నావని రుజువు చేయాలంటే ఆ కార్యాలయానికి పదకొండు రోజులు."

"నీ వాటాలో సగం పోస్తావు. పొయ్యకపోతే తంతాను. పద."

పెద్దపలక దగ్గర చనిపోయిన సభ్యుల వేలు కావాలి. ఆవిడ వేలు నా దగ్గరే ఉంది, ఒక్క నొక్కుడు. ఎందుకో నొక్కలేకపోయాను. "నువ్వే నొక్కు పెద్దమ్మా" అన్నాను. తొమ్మిదేళ్ళలో ఒక సభ్యురాలి వేలు ఆమెనే అడిగింది అదే మొదలు. పచ్చటి బొటనవేలు పలక మీద పెట్టి ఆవిడే నొక్కింది.

'మొదటి గట్టు దేముడమ్మ ఇక లేరు.'

కాసేపు ఏం వినబడలేదు. తరవాత పక్కింట్లో ఒక కడవ బోర్లపడింది. ఆ పక్కింట్లో ఇంకొకటి. వీధి పొడుగునా నీళ్ళు పారబోసిన చప్పుడు. ఈరన్న మోకాళ్ళ మీద కూలబడి, బతికున్న మనిషి పాదాలు పట్టుకుని ఏడ్చేశాడు. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఏడో గట్టు మీద కూడా ఒక కడవ ఇలాగే బోర్లపడి ఉంటుంది.

సంతాపాలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. దేముడమ్మ నా పలక లాక్కుని చదివింది. "ఈడు బతికుండగా నన్ను ముసల్దయ్యమన్నాడు. ఇప్పుడు సూడు, అమ్మలాంటిదంట!" అంది. వాటిలో ఎన్నింటిని మనుషులు రాశారో నాకు తెలియదు. ఆవిడకి చెప్పలేదు.

ఆవిడ పేరున మాట ఆగిపోయింది. మందు ప్రభావం ఈ ఒక్క రోజే. రేపు తెల్లవారేదాకా కడవలు తిప్పమనను. శవం ఎందుకు లేవలేదంటే వారసులు రావాలంటాను. పసిపిల్లలు దాహానికి ఏడుస్తారు, తెలుసు. ఏడవనీ. ఏడిస్తే బతికున్నట్టే.

8. నవమి, మధ్యాహ్నం

అక్షరాలు వంకరగా వస్తున్నాయి.

పన్నెండింటికి మా గట్టు మీద ఇల్లిల్లూ తిరిగి, అసలు సంగతి చెవిలో చెప్పి వస్తున్నాను. మా గట్టు వాళ్ళకి ప్రమాదం లేదు, దేముడమ్మ ఎదురుగా కనిపిస్తోంది. ఇంతలో ఒకావిడ గుమ్మంలోకి వచ్చి అడిగింది.

"మీరేమో రేపటిదాకా అంటారు, వేదికలో ఇప్పుడే తిప్పమన్నారు కదా తవిటయ్యగారూ?"

పలక చూశాను. నా పేరు ఉంది. నా పేరు పక్కన, సరిగ్గా పన్నెండింటికి, 'కడవలు తిప్పండి.'

నేను రాయలేదు. అరవై ఒక్కసార్లు రాశాను, ఎప్పుడూ ఈ వేళకే. వాళ్ళకి నా నుంచి కావలసింది ఆ రెండు ముక్కలే, అవి వాళ్ళ దగ్గర భద్రంగా ఉన్నాయి. నకలు తీయడానికి నా దగ్గర ఏముందని గొప్పలు పోయాను.

అక్కడితో ఆగక నా బుద్ధి ఇంకా గడ్డి తింది. పెద్దపలక దగ్గరకి పరిగెత్తుతూ చేతిలో పలక మీద "తిప్పకండి! తిప్పకండి! రాసింది నేను కాదు!" అని కొట్టేశాను. ఒక్క క్షణం ఆలోచించి ఉంటే నా చావు కబురు నేనే పెట్టుకునేవాణ్ణి. నా నోరు మూతపడేది, కడవలు మళ్ళీ బోర్లపడేవి. కోపం ముందొచ్చింది. ఎర్ర గీతలు వచ్చాయి. "ఇది సభ్యుడు తవిటయ్య గారి రచనకు అనుకరణ. మూడవది. మీ రాసే హక్కు రద్దయినది."

పెద్దపలక మీద నా వేలు పనిచేయడం లేదు. దేముడమ్మ వేలూ పనిచేయదు, ఆవిడ చచ్చిపోయింది. ఈరన్న వేలితో చావు కబురు పెట్టనివ్వదు, అతను పెద్ద కాదు.

సహాయకాన్ని పిలిచి అరిచాను. ప్రాణాలు పోతాయన్నాను, పసిబిడ్డలన్నాను.

"మీరు ఎవరు?" అంది.

"తవిటయ్యనయ్యా! వేదిక పెద్దని!"

"తవిటయ్య గారు ప్రస్తుతం వేదికలో ఉన్నారు. సభ్యులకు ధైర్యం చెబుతున్నారు."

చూస్తే నిజమే. ఎవరో శవం లేచిందా అని అడిగితే నేను జవాబిస్తున్నాను. "అంతా సక్రమంగా జరిగింది. ఎవరూ గాభరా పడకండి." అచ్చం నేనే.

ఈరన్న పడవ తోశాడు. రెండు, మూడు గట్లకి అతని బావమరుదులు రెండు చిన్న పడవల్లో బయల్దేరారు. దేముడమ్మ మాతో వస్తానని నీళ్ళలోకి దిగింది. "నన్ను సూస్తే నమ్ముతారు" అంది. ఎత్తి పడవలో కూర్చోబెట్టాం. పసుపు పొట్లాల సంచి ఒళ్ళో పెట్టుకుంది.

9. నవమి, పడవలో

ఎండ మాడుస్తోంది. ఈరన్న తెడ్డు వేస్తున్నాడు, నేను రెండో తెడ్డు వేసి వేసి చేతులు బొబ్బలెక్కితే కాసేపు ఇది రాస్తున్నాను. ఏడో గట్టు ఇంకా మూడు గంటలు.

దారిలో నాలుగో గట్టు దగ్గర వేగం తగ్గించాం. ఒడ్డున నలుగురు ఆడవాళ్ళు నిలబడ్డారు. దేముడమ్మ పడవలో లేచి నిలబడి, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది.

"గ్లాసు కింద పెట్టండ్రోయ్! నాను దేముడమ్మని! బతికే ఉన్నాను! తాగకండి!"

వాళ్ళు చూశారు. ఒకామె నోటికి చెంగు అడ్డం పెట్టుకుని వెనక్కి పరిగెత్తింది. దయ్యమనుకుందో, అర్థమైందో తెలియదు. ఒకామె చేతిలో ఉన్న చెంబు నీళ్ళు ఒలకబోసింది. ఆ ఒక్క చెంబు కళ్ళారా చూశాను. మళ్ళీ తెడ్లు అందుకున్నాం.

నేను రాయలేను గానీ నాకు వచ్చేవి చదువుకోవచ్చు. ఇప్పుడే పలక మోగింది. జోగి.

"తిన్నావా నాన్నా? పెద్దమ్మ గురించి చదివి ఏడుపాగలేదు. కడవ తిప్పాను. పాపం వీడు పొద్దుటి నుంచి గుక్క పట్టాడు. పాలు కలుపుతున్నాను."

దేముడమ్మ నా మొహం చూసి "ఏటి రాసినాది?" అంది. చదివి వినిపించాను. ఆవిడ సంచి గట్టిగా పట్టుకుంది.

"అది మన గుంటే రాసినాదా?"

తెలియదన్నాను. 'తిన్నావా' ఉంది. 'వీడు' ఉంది, బాబుని అది వీడనే అంటుంది. 'గుక్క పట్టాడు' అన్నది వాళ్ళమ్మ మాట, అది కూడా ఉంది. ఒకటికి పదిసార్లు చదివాను. అచ్చం నా కూతురు మాట.

పుట్టిన నాటి నుంచి దాని మాట కోసం ఎదురు చూడని పూట లేదు. ఇప్పుడు మాత్రం పలకని రెండు చేతుల్తో పట్టుకుని, ఈ మాట నా కూతురిది కాకూడదు దేవుడా అని దండం పెట్టుకున్నాను. పలక పడవలో పడేసి మళ్ళీ తెడ్డు అందుకుంటున్నాను.